ఉప్పుపురుగు

సోమవారం పొద్దున్న కూర్మారావు టీ ఒక గుక్క తాగి గ్లాసు గట్టు మీద పెట్టేశాడు.

"పంచదారతో పాటు ఉప్పు కూడా ఏసినావేటి?" అన్నాడు.

దమయంతి నవ్వబోయి ఆగింది. ఆయన టీ వృథా చేసే మనిషి కాడు. మూడేళ్ళ కిందట రెండు కిడ్నీలూ చెడిపోయాక, రోజుకి ముప్పాతిక లీటరు మించి ఏదీ తాగకూడదని డాక్టర్లు చెప్పారు. అందులో పొద్దుటి అరగ్లాసు టీ ఆయనకి పండగ. అటువంటి మనిషి గ్లాసు పక్కన పెట్టాడంటే ఏదో ఉండాలి. ఆమె తాగి చూసింది. తీపి వెనకాల సన్నగా ఉప్పు తగిలింది. కుళాయి నీళ్ళు పట్టుకుని పుక్కిలించింది. ఉప్పు నీళ్ళలోనే ఉంది.

"సముద్రం నీళ్ళు గానీ ఒదిలేసినారేమో," అంటూ కూర్మారావు వంటగట్టు కింద గొంతుక్కూచున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన ప్లంబరు. గోపాలపట్నంలో చాలా ఇళ్ళ పైపులు ఆయన చేతి మీదుగా వేసినవే. జబ్బు చేశాక పెద్ద పనులు మానేశాడు గానీ, పైపు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

"దమయంతీ, ఇలా రా ఓసారి. ఇది సూడు."

గట్టు కింద తెల్లగా ఉండాల్సిన పైపు మాగిన ఈతపండు రంగుకి తిరిగింది. వంపు దగ్గరైతే నల్లబడింది. నిరుడు ఆయనే మార్చిన పైపు అది. రెండు వేళ్ళతో నొక్కాడు. అప్పడంలా పెటుక్కుమంది. నీళ్ళు చివ్వున మొహం మీదికి చిమ్మాయి. మెయిను కట్టేసి వచ్చి, చేతిలోని ముక్కని తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయాడు.

"ఎండలో పడున్న పైపు పదేళ్ళకి పెళుసెక్కుతాది. ఇది నీడలో ఉన్నాది, ఏడాది కూడా కానేదు. ఇలాటిది నానెక్కడా సూడనేదు."

దమయంతి చూసింది. రోజూ ల్యాబులో చూస్తోంది.

ఆ ముక్కని కవరులో చుట్టి టిఫిన్ సంచీలో పెట్టుకుంది. "ల్యాబులో చూపిస్తాను బావా," అంది. కూర్మారావు ఆమెకి మేనత్త కొడుకు. పెళ్ళయి పదహారేళ్ళయినా ఆ పిలుపు మారలేదు. "ఇవాళ ఒంటిగంటకి కదా నీకు డయాలసిస్. ఆటోలో వెళ్ళు, స్కూటర్ తియ్యకు."

బస్సులో సీటు దొరికింది గానీ వెనక్కి ఆనుకోలేకపోయింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, రెండు స్టాపులకోసారి కవరు ముడి సరిగ్గా ఉందో లేదో తడిమి చూసుకుంది.

ఊరి శివార్లలో ఉన్న ఆ పరిశోధనశాలలో దమయంతి పన్నెండేళ్ళుగా టెక్నీషియను. వెళ్ళగానే చీర కొంగు దోపి, కోటు తొడుక్కుని, బర్నర్ వెలిగించింది. రాగితీగ ఒకటి మంటలో ఎర్రగా కాల్చింది. ముందు కొత్త పైపు ముక్కకి అద్ది మళ్ళీ మంటలో పెట్టింది. మంట చిలకపచ్చగా లేచింది. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ అయితే అలా పచ్చగా మండుతుంది. తరవాత ఇంటి నుంచి తెచ్చిన ముక్కకి అద్దింది. మంట పసుపుగానే ఉంది. కొంచెం మసి వచ్చింది, అంతే. తీగ మార్చి మళ్ళీ చేసింది. మూడోసారీ పసుపే.

పైపులు చేసే ప్లాస్టిక్‌లో ఉండేవి మూడు మూలకాలు. కార్బన్, హైడ్రోజన్, క్లోరిన్. తూకం వేస్తే సగానికి పైగా క్లోరినే. పాత వైర్లనీ పైపులనీ తగలబెట్టి లోపలి రాగి ఏరుకునే చోట జనాన్ని తినేసే పొగ ఈ క్లోరిన్ వల్ల పుట్టేదే. ల్యాబు పెద్ద డాక్టర్ వామనమూర్తి అటువంటి పొగలో రోజంతా కూచునే ఆడవాళ్ళని చూసి వచ్చి, ఆరేళ్ళు కష్టపడి ఒక సూక్ష్మజీవిని తయారుచేశాడు. అది ప్లాస్టిక్‌లోంచి క్లోరిన్‌ని లాగేసుకుని, నీళ్ళలోకి ఉప్పుగా వదిలేస్తుంది. మిగిలేది బొగ్గులాంటి నల్లటి పొట్టు. ఎవరికీ హాని లేదు. దానికి పొడుగాటి శాస్త్రీయనామం ఉంది గానీ ల్యాబులో అందరూ ఉప్పుపురుగనే అంటారు.

బయట బతకకూడదని దానికి ఒక సంకెల కూడా వేశారు. బతకడానికి కావలసిన ఒక పోషకాన్ని సొంతంగా తయారుచేసుకునే శక్తి తీసేశారు. ల్యాబులో చుక్కలు చుక్కలుగా వీళ్ళు పోస్తేనే దానికి తిండి. గోడ దాటితే రెండు రోజుల్లో చస్తుందని వామనమూర్తి అందరికీ చెప్పేవాడు. తను నమ్మే చెప్పేవాడు.

ఆయన వచ్చేసరికి దమయంతి ఆ ముక్కని నీలిదీపం కింద పెట్టి ఉంది. గుర్తుపట్టడానికి వీలుగా ఉప్పుపురుగుకి ఒక రంగు అతికించారు. ఆ దీపం కింద అది నారింజరంగులో మెరుస్తుంది. ముక్క లోపలి అంచు చుట్టూ జిగురుగా ఉన్న పొర, కాల్చిన ఇనుములా వెలుగుతోంది.

వామనమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"మా వంటింట్లోది సార్."

ఆయన స్టూలు లాక్కుని కూచున్నాడు. "పైపుల్లో పాచి ఉంటుంది కదా. ఆ పాచిలో ఉన్న మామూలు క్రిములు దీనికి కావలసిన తిండి పెడుతున్నాయి. మనం పెట్టకపోతే పొరుగువాళ్ళు పెట్టారు. ఇది నాకు తట్టలేదు." తరవాత తల ఎత్తాడు. "ఇంటిదాకా ఎలా వెళ్ళింది?"

దమయంతికి బస్సులోనే తెలిసిపోయింది అదెలా వెళ్ళిందో. ప్రయోగాలకి పైపు ముక్కలు కావాలంటే కూర్మారావే తన పనుల్లో మిగిలినవి ఊరికే ఇచ్చేవాడు. ఆమె గోనెసంచీలో మోసుకొచ్చేది. రెండు నెలల కిందట మిగిలిన ముక్కలు అదే సంచీలో వెనక్కి పట్టుకెళ్ళింది. సంచీ అంతకుముందు వారం రోజులు తొట్టెల పక్కన నేల మీద పడి ఉంది. తీసుకెళ్ళకూడదని రూలుంది. మంచి ముక్కలు, పారేయడం ఎందుకనుకుంది. అందులోంచి ఒక ముక్క కూర్మారావు పోయిన నెల వంటగట్టు కింద పైపుకి అతికాడు.

ఆ సంచీ ఎక్కడుందో కనుక్కోవాలని అప్పుడే కూర్మారావుకి ఫోన్ చేసింది. పన్నెండున్నర దాటింది. ఆయన డయాలసిస్ సెంటర్ హాల్లో కూచుని ఉన్నాడు.

"బావా, పైపు ముక్కల గోనెసంచి ఏమైంది?"

"ఏటిప్పుడు దాంతోటి? స్కూటరు ముందర పెట్టుకు తిరుగుతున్నాను గదా, పనికొస్తాయని. ఇక్కడ మిషన్లకి నీళ్ళిచ్చే గదిలో జాయింటు కారుతుంటే మొన్నామధ్య అందులో ముక్కే ఏసినాను. డబ్బులిస్తామన్నారు, ఒద్దన్నాను. నాక్కూడా ఎక్కేవి ఆ నీళ్ళే గదా. ఎందుకు?"

ఎదురుగా వామనమూర్తి చెప్పొద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. దమయంతి ఆయన్నీ, గోడ మీద గడియారాన్నీ చూసింది.

"ఏం లేదు బావా," అంది. ఫోన్ పెట్టేసింది.

తరవాత గంటసేపు ఇద్దరూ వాదించుకున్నారు. వామనమూర్తి చెడ్డవాడు కాడు. అందుకే ఆయన మాటకి జవాబు చెప్పడం కష్టమైంది.

"ఆ సెంటర్లో ఎంతమంది?"

"పద్దెనిమిది మంది. వారానికి రెండేసి సార్లు."

"మనం చెప్పిన నిమిషంలో మూసేస్తారు. మిగతా ఆసుపత్రులన్నీ నిండి ఉన్నాయి. నాలుగు రోజులు రక్తం శుభ్రపడకపోతే ఏమవుతుందో నాకన్నా నీకే బాగా తెలుసు. మూస్తే మనుషులు పోవడం ఖాయం. మూయకపోతే ఏం జరుగుతుందో మనకి తెలీదు, ఏమీ జరక్కపోవచ్చు. నాకు మూడు రోజులు టైమివ్వు. దీన్ని చంపే మార్గం చేతిలో పెట్టుకుని వెళ్ళి చెబుదాం."

"ఆ పైపులో ఉప్పు ఊరుతుంటే సార్? ఆ నీళ్ళు నేరుగా వాళ్ళ రక్తం పక్కనుంచి పోతాయి."

"శుక్రవారం మన ప్రాజెక్టు చూడ్డానికి మంత్రిత్వశాఖ వాళ్ళు వస్తున్నారు," అని నోరు జారాడు వామనమూర్తి. వెంటనే మొహం తిప్పుకున్నాడు.

దమయంతి కోటు విప్పి మేకుకి తగిలించి బయటకి వచ్చేసింది. బస్సు ఇరవై నిమిషాలు రాలేదు. ఆటోవాడు అంత దూరం రానన్నాడు. ఎండలో రోడ్డు పక్కన నిలబడి ఫోన్ తీసింది, కూర్మారావు నంబరు నొక్కబోయింది. రెండు కావస్తోంది. ఈపాటికి సూదులు గుచ్చేసి ఉంటారు. చేతిలో సూదులున్న మనిషికి ఫోన్‌లో ఏమని చెప్పాలి? ఫోన్ మళ్ళీ సంచీలో పడేసింది. బస్సులో నిలబడే ఉంది. ప్రతి సందు మొగలో ఇళ్ళ గోడల మీదుగా దిగుతున్న తెల్ల పైపులు కనిపిస్తున్నాయి. వాటిని చూడకుండా ఉండాలన్నా ఆమె వల్ల కాలేదు.

సెంటర్లోకి అడుగు పెట్టేసరికి మూడుంబావు. లోపల రెండు మిషన్లు ఒక్కసారిగా కూస్తున్నాయి. కూర్మారావు పక్క కుర్చీలో పైడితల్లికి చలి పుట్టి ఒళ్ళు ఎగిరెగిరి పడుతోంది. పైడితల్లి జాలరిపేటలో ఎండుచేపలు అమ్ముతుంది. అరవై దాటాయి. సోమవారం, గురువారం, మూడేళ్ళుగా కూర్మారావు పక్కనే ఆమె కుర్చీ. ఆయన ఆమెని అప్పా అంటాడు, ఆమె తమ్ముడూ అంటుంది. ఇద్దరూ నాలుగు గంటలూ తిండి గురించే మాట్లాడుకుంటారు, తినకూడనివన్నీ ఒకటొకటిగా వండుకుని తింటున్నట్టు. ఇప్పుడు ఆమెకి మాట రావడం లేదు. నర్సు దుప్పటి మీద దుప్పటి కప్పుతోంది.

"సెన్సార్లు పాడయ్యాయండి, వారం నుంచీ ఇదే గొడవ," అంటున్నాడు అక్కడి టెక్నీషియను.

దమయంతి అతన్ని దాటుకుని వెనక నీళ్ళ గదిలోకి వెళ్ళింది. గోడ చుట్టూ తెల్లటి పైపు. ఒక జాయింటు దగ్గర జానెడు మేర ఈతపండు రంగు. అక్కణ్ణించి రెండు వైపులా పసుపు పాకుతోంది.

డాక్టర్ సుభాషిణి హాల్లో పైడితల్లి నాడి పట్టుకుని ఉంది. ఆ సెంటరంతా ఆమె పర్యవేక్షణలోనే నడుస్తుంది. దమయంతి ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది. పక్కకి పిలుద్దామనుకుంది గానీ అందరి ముందే నోరు తెరిచింది.

"డాక్టరుగారూ, మిషన్లన్నీ ఆపేయండి. ఆ నీళ్ళు చెడిపోయాయి. పైపుని తినే క్రిమి అందులో పడింది. అది మా ల్యాబుది. నేనే బయటకి తెచ్చాను."

సుభాషిణి అయిదారు ప్రశ్నలు వేసింది. కోపంగా కాదు, గబగబా. తరవాత నర్సులకి చెప్పడం మొదలుపెట్టింది. ఒకదాని తరవాత ఒకటి మిషన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో కూర్మారావు భార్య వంక చూస్తున్నాడు.

"ఆ జాయింటుకి నానేసిన ముక్కా?" అన్నాడు.

దమయంతి తల ఊపింది.

"నాను ఫోన్‌లో చెప్పినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

"అప్పటికింకా సూది గుచ్చనేదు. అప్పకీ గుచ్చనేదు." ఆయన గొంతు పెంచలేదు. "ఏటీ నేదన్నావు."

నర్సు వచ్చి సూదులు తీసి, దూది అదిమి పట్టుకోమంది. దమయంతి పట్టుకోబోతే కూర్మారావు ఎడంచేత్తో తనే అదుముకున్నాడు.

సెంటర్‌ని ఆ సాయంత్రమే మూసేశారు. పైపులన్నీ పీకి స్టీలువి వేయాలన్నారు, తొమ్మిది రోజులు పడుతుందన్నారు. పద్దెనిమిది మందికీ ఊళ్ళో ఉన్న ఆసుపత్రుల్లో ఎక్కడ కుర్చీ ఖాళీ అయితే అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో వంతు వేశారు. వామనమూర్తి మర్నాడే వచ్చాడు. రాత్రంతా ప్రయోగాలు చేసినట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మరిగే నీళ్ళు అరగంట పోస్తే ఉప్పుపురుగు చస్తుందని సుభాషిణికి కాగితం రాసిచ్చాడు. విచారణకి వచ్చిన అధికారులకి ఆరేళ్ళ నోట్‌బుక్కులూ ఒక పేజీ దాచకుండా అప్పగించాడు. ల్యాబుకి సీలు వేశారు. దమయంతి వాంగ్మూలం రెండు రోజులు తీసుకున్నారు. కూర్మారావు ఆ సంచీలో ముక్కలు వేసిన చోట్ల నుంచి పాకి, గోపాలపట్నంలో పదకొండు వీధుల్లో పైపులు రంగు మారాయని తేలింది. ఆ వీధుల్లో కుళాయిలు కట్టేసి ట్యాంకర్లు పంపారు. ట్యాంకర్ దగ్గర బిందెలతో నిలబడ్డ వాళ్ళెవరికీ ఈ పని ఎవరిదో ఇంకా తెలీదు. దమయంతి కూడా వాళ్ళలో బిందెతో నిలబడింది.

కూర్మారావు ఇంట్లో ఉండలేదు. పొద్దున్నే సెంటర్‌కి వెళ్ళిపోయేవాడు. స్టీలు పైపు పని కుర్రాళ్ళు చేస్తుంటే స్టూలు వేసుకుని పక్కన కూచునేవాడు. "ఆ వంపు అక్కడొద్దు. నీళ్ళు నిలబడకూడదు. నిలబడిన చోట పాచి కడతాది," అని చెప్పి చేయించేవాడు. మూడో రోజుకి కాళ్ళు వాచి చెప్పులు పట్టడం మానేశాయి. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చేది. దమయంతి మధ్యాన్నం అన్నం తీసుకెళ్ళేది. ఆయన తినేవాడు, గిన్నె ఇచ్చేవాడు. ఏం కావాలో చెప్పేవాడు. అంతకుమించి మాట లేదు. ఇంట్లో ఆ మౌనం కన్నా తిట్టినా బాగుండుననిపించేది ఆమెకి. వంటింట్లో ఉన్నా, వీధిలో ఉన్నా కాలు ఒకచోట నిలిచేది కాదు. చేసిన పనే మళ్ళీ చేసేది, తుడిచిన గట్టే మళ్ళీ తుడిచేది.

అయిదో రోజున కూర్మారావుకి ఒక ఆసుపత్రిలో వంతు దొరికింది. పైడితల్లిది ఆరో రోజు. ఆమె అయిదో రోజు మధ్యాన్నం పోయింది. గుండె ఆగిందని రాశారు. సోమవారం ఎక్కిన ఆ నీళ్ళ వల్లా, ఆగిపోయిన వంతు వల్లా, వయసు వల్లా అన్నది సుభాషిణి కూడా తేల్చి చెప్పలేకపోయింది. దమయంతి అడిగితే, "తెలీదమ్మా. నిజంగా తెలీదు," అంది. ఆ తెలియకపోవడమే దమయంతిని ఎక్కువ తినేసింది.

డయాలసిస్ ముగించుకుని వచ్చిన కూర్మారావు ఆ కబురు విని, కట్టు విప్పకుండానే జాలరిపేట వెళ్ళాడు. దమయంతిని రమ్మనలేదు.

తొమ్మిది రోజులన్నది పదకొండయింది. కొత్త పైపుల్లో నీళ్ళు వదిలి, మూడుసార్లు పరీక్ష చేసి సెంటర్ తెరిచారు. మిగిలిన పదిహేడు మందీ వచ్చారు. ఆ తరవాతి గురువారం పొద్దున్న దమయంతి చీర మార్చుకుంటుంటే కూర్మారావు అడిగాడు.

"ఎక్కడికి?"

"జాలరిపేటకి. పైడితల్లి కూతురి దగ్గరకి."

"నా చేత్తో నానేసిన ముక్క గురించి నాను చెప్పొచ్చినాను. నీది నువ్వే చెప్పు," అన్నాడు. తరవాత లేచి, గొడుగు తీసి ఆమె చేతికిచ్చాడు. "ఎండగా ఉన్నాది."

ఆ సోమవారం తరవాత ఆయన ఆమెకి తనంతట తాను ఇచ్చిన మొదటి వస్తువు అది. దమయంతి వీధి మలుపు తిరిగేదాకా గొడుగు తెరవడం మరిచిపోయింది.

పైడితల్లి కూతురు పోలమ్మ ఇంటి ముందు ఇసకలో వల పరిచి చేపలు ఎండబెడుతోంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. అచ్చం తల్లి మొహమే. దమయంతి తనెవరో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

"తెలుసు. కూర్మారావు మావ ఒచ్చి అంతా సెప్పినాడు. కాటి దగ్గరే సెప్పేసినాడు, అందరి ముందరా. నువ్వెప్పుడొస్తావా అని సూస్తన్నాను."

దమయంతి ఇసకలోనే కూలబడినట్టు కూచుంది. సంచీ గురించి చెప్పింది. రూలు గురించి, పారేయడం ఎందుకనుకున్నదాని గురించి చెప్పింది. పోలమ్మ చేపలు తిప్పుతూ వింది. ల్యాబు సంగతులేవీ ఆమె మళ్ళీ అడగలేదు.

"ఫోన్‌లో ఏటీ నేదన్నావంట గదా."

"అన్నాను."

"ఎందుకలగన్నావు?"

దారి పొడుగునా దమయంతి దీనికి సమాధానాలు కూర్చుకుంటూనే వచ్చింది. సెంటర్ మూస్తే మిగతావాళ్ళు ఏమవుతారో అని, సార్ ఎదురుగా ఉన్నాడని, ఇంకా రుజువు చూడాలని. అన్నీ నిజాలే. ఏదీ నోటికి రాలేదు.

"భయమేసింది," అంది.

పోలమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. దూరంగా తెప్ప ఒకటి ఒడ్డుకి లాగుతున్నారు, వాళ్ళ కేకలు గాలికి వచ్చి పోతున్నాయి. కాకి వచ్చి వల అంచు మీద వాలితే పోలమ్మ అదిలించలేదు. దమయంతి తిట్టు కోసం చూసింది. ఏడుపు కోసం చూసింది. దేనికైనా సిద్ధంగానే వచ్చింది.

పోలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, పొద్దు ఎక్కడుందో ఒకసారి చూసింది.

"ఇయ్యాల గురువారం," అంది. "నీ మొగుడికి మిషనెక్కే రోజు. ఎల్లు, ఆలీసమవుద్ది."